డబ్ల్యూఎస్2812బీ స్ట్రిప్: రంగులు కలిపేవాళ్లకు ఎంతవరకు పనికొస్తుంది?

ఒక్కో ఎల్ఈడీ రంగును కోడ్‌తో విడిగా మార్చుకోగల లైట్ల పట్టీ ఇది: మీటరుకు 60 ఎల్ఈడీలు, 5 మీటర్లు, 5 వోల్టులు. ఎరుపు, నీలం లాంటి గాఢమైన రంగుల్లో దీనికి వంక పెట్టలేం. చిక్కంతా మిశ్రమ రంగులతోనే. స్క్రీన్ మీద ముచ్చటగా కనిపించే నారింజ (ఎరుపు 255, ఆకుపచ్చ 165, నీలం 0) ఇక్కడ నిమ్మపండు రంగులోకి జారిపోతుంది. స్క్రీన్ విలువలు గామా లెక్కతో ఉంటాయి, అంటే అంకె సగమైతే వెలుగు సగంకన్నా బాగా తగ్గుతుంది; ఎల్ఈడీ మాత్రం ఇచ్చిన అంకెకు సూటిగా వెలుగుతుంది. కోడ్‌లో గామా 2.2 దిద్దుబాటు పెడితే 165 కాస్తా 98 అవుతుంది, అప్పుడు నారింజ నారింజలా ఉంటుంది. ఇంకా ఎర్రగా కావాలంటే ఆకుపచ్చను 80కి దించండి.

ఎరుపు అడిగితే ఆకుపచ్చ వెలిగిందా? స్ట్రిప్ పాడవలేదు, దీని రంగుల వరుస జీఆర్‌బీ (ఆకుపచ్చ, ఎరుపు, నీలం), కోడ్‌లో మార్చుకోవాలి.

పూర్తి తెలుపులో ఒక్కో ఎల్ఈడీ 60 మిల్లీఆంపియర్ల దాకా లాగుతుంది, అంటే 300కి 18 ఆంపియర్లు. కరెంటు ఒక చివరే ఇస్తే రెండో చివర తెలుపు పసుపుగా, ఆపై ఎర్రగా మారుతుంది. వోల్టేజీ పడిపోతే ముందు నీరసించేది నీలమే. రెండు చివరలా కరెంటు ఇవ్వండి, రంగుల సమాచారం తెచ్చే డేటా తీగకు 330 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టండి.

లేత రంగులు, మంచి తెలుపు ముఖ్యమైతే ఇది వద్దు. ఇలాంటిదే మరో స్ట్రిప్, విడిగా తెల్ల ఎల్ఈడీ ఉన్న ఎస్‌కే6812 రకం తీసుకోండి.