కోట దారిలో నాలుగేళ్ల బర్గర్ తిండి

ట్యూషన్ ముగించుకుని గంటస్తంభం మీదుగా ఇంటికి నడిచొస్తూ ఈ నాలుగేళ్లలో తిన్న బర్గర్లు నా లెక్కలో 200 దాటాయి. మా ఆవిడ లెక్కలో ఇంకా ఎక్కువే. కాబట్టి విజయనగరం పాతూళ్లో బర్గర్ ఎక్కడ బాగుంటుందని ఎవరైనా అడిగితే మొహమాటపడకుండా చెప్పగలను.

మొదటి ఏడాది తిన్నవి చాలావరకు దండగ. 1713 నాటి కోట, 1885 నాటి గంటస్తంభం చూడ్డానికొచ్చేవాళ్ల కోసమన్నట్టు రంగు దీపాలూ సోఫాలూ పెట్టిన ఒక షాపుకి వెళ్లేవాణ్ణి. చికెన్ బర్గర్ 160 రూపాయలు. బన్ను మధ్యలో పెట్టే ప్యాటీ ప్యాకెట్లో గడ్డకట్టి వచ్చే సరుకు. దాన్ని అలాగే నూనెలో పడేస్తే పైన మాడిపోయేది, మధ్యలో చల్లగా తగిలేది. ఓ రాత్రి అక్కడ తిన్నాక తెల్లవార్లూ మంచానికీ బాత్‌రూమ్‌కీ మధ్యే తిరిగాను. బర్గర్లో పూసిన మయోనీజే కారణమని రుజువేమీ లేదు గానీ, నడి మే నెలలో ఆ డబ్బా మూత లేకుండా పొయ్యి పక్కన ఉండడం నా కళ్లతో చూశాను. పచ్చిగుడ్డుతో చేసే మయోనీజ్‌ని చల్లగా ఉంచకపోతే కడుపు పాడుచేసే సాల్మొనెల్లా బ్యాక్టీరియా పెరగడానికి ఎంతోసేపు పట్టదు. తెలంగాణలో 2024 అక్టోబరులో పచ్చిగుడ్డు మయోనీజ్‌ని ఏడాదిపాటు నిషేధించారు కూడా. ఆ రాత్రి తర్వాత నేను ఎక్కడికెళ్లినా ముందు అడిగేది ధర కాదు, మయోనీజ్ గుడ్డు లేనిదేనా అని.

ఇప్పుడు తినేది గంటస్తంభం నుంచి కోట వైపు వెళ్లే దారిలో ఓ తోపుడు బండి దగ్గర. బోర్డు లేదు. నల్లటి పెద్ద పెనం, దాని చుట్టూ కోటలోని కాలేజీల పిల్లలు, అదే గుర్తు. అతను చాలా ఏళ్లు అదే చోట మిరపకాయ బజ్జీలు వేసి, కొడుకు పోరు పడలేక బర్గర్లకి మారాడు. ఆ బజ్జీల చెయ్యే ఇక్కడ పనికొచ్చింది. బంగాళదుంపల్ని తొక్కతోనే ఉడికించి, పూర్తిగా ఆరాకే పిసుకుతాడు. ఎందుకని ఓసారి అడిగాను.

"ఏడి మీద పిసికితే జిగురైపోద్ది మేస్టారూ. సల్లారనివ్వాల."

అందులో తడిపి పిండిన అటుకులు, పచ్చిమిర్చి, కాసింత వాము కలుపుతాడు. అటుకులు మిగిలిన తడిని పీల్చేస్తాయి, ప్యాటీ నూనెలో విడిపోదు. వాము మాత్రం బజ్జీల అలవాటే అనుకుంటాను. పల్చటి మైదా జారులో ముంచి, బ్రెడ్ పొడి అద్ది, వేసిన ప్యాటీ కొరికితే చప్పుడు వినిపిస్తుంది.

బన్ను దగ్గరే చాలామంది దొరికిపోతారు. ఇతను కోసిన వైపు వెన్న రాసి, పెనం మీద బోర్లించి, ఎర్రబడేదాకా ఉంచుతాడు. అలా కాలిన పొర ఉంటే సాస్ లోపలికి తొందరగా ఇంకదు, సగం తినేసరికి అడుగు ఊడి చేతిలోకి రాదు. మన బేకరీ బన్నులు టీలో ముంచుకునే రకం, కాస్త తీపెక్కువ. ఆ తీపికి విరుగుడుగా కెచప్ తగ్గించి వెల్లుల్లి కారం పూస్తాడు. ఓసారి బేకరీ మారి రెండు నెలలు పొడిపొడిగా రాలే బన్నులు వచ్చాయి. ఆ రెండు నెలలూ నేను ఇడ్లీ బండికి వెళ్లిపోయాను.

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా మేనల్లుడు ఒక ముక్క కొరికి, "ఇది బర్గర్ కాదు మావయ్యా, రొట్టెలో కట్‌లెట్" అన్నాడు. హాంబర్గ్ ఊరి పేరు మోస్తున్న తిండికి అసలు సరుకు గొడ్డుమాంసమే, కాదనను. కానీ 1996లో ఢిల్లీలో అడుగుపెట్టిన మెక్‌డొనాల్డ్సే ఆవు మాంసం, పంది మాంసం లేని మెనూతో మొదలుపెట్టింది. మా బజ్జీల మనిషిని తప్పుపట్టడం దేనికి? అంత మాటన్న మేనల్లుడే ఇంకో బర్గర్ చెప్పమన్నాడు, నేను చెప్పాను.

లోపాలు లేకపోలేదు. కూర్చోడానికి చోటుండదు, స్కూటర్ సీటే బల్ల. ఉల్లి ధర పెరిగిందంటే లోపల ఉల్లి చక్రాలు మాయమై క్యాబేజీ తురుము వస్తుంది. తొమ్మిది దాటితే నూనె నల్లబడి ఉంటుంది, అప్పుడు తినకండి. చీజ్ స్లైసుకి అదనంగా 20 ఇవ్వడం అనవసరం, ఆ కారంలో అది ఉన్నట్టే తెలీదు. పార్సిల్ అసలొద్దు. కాగితంలో ఆవిరి పట్టి, మూడు లాంతర్ల జంక్షన్ చేరేలోపు ప్యాటీ మెత్తబడిపోతుంది. నేను మొదలుపెట్టినప్పుడు 40, ఇప్పుడు 70 రూపాయలు. బన్నులు సాయంత్రం ఐదింటికి దిగుతాయి కాబట్టి ఆరు, ఏడు మధ్య వెళ్తే సరి.

దసరా తర్వాతి మంగళవారం, పైడితల్లమ్మ జాతరలో సిరిమాను తిరిగే రోజు మాత్రం బర్గర్ కోసం వెళ్లకండి. ఆ జనంలో బన్నులు కాల్చుతూ కూర్చోడం కుదరదని అతను బజ్జీల పాత మూకుడు బయటికి తీస్తాడు. పోయినేడు ఆ రోజు నేను ఆరు మిరపకాయ బజ్జీలు తిన్నాను. బర్గర్ మానేసి మళ్లీ ఇవే వెయ్యొచ్చు కదా అంటే, కొడుకు వైపు చూసి నవ్వి ఊరుకున్నాడు.