తెల్ల గ్రాప్పానా, పీపాలో నిలవుంచిందా?
రెండూ ఇటలీవే, రెండూ వైన్ తీశాక మిగిలిన ద్రాక్ష పిప్పిని బట్టీలో కాచి తీసే సారాలే, కాకపోతే తెల్లది చెక్క ముఖం చూడకుండానే సీసాలోకి వెళ్తుంది, పీపాలో నిలవుంచిన పాతది, అంటే ఇన్వెక్కియాతా, కనీసం 12 నెలలు పీపాలో ఉండాలి, ఇంకా పాతదైన రిజెర్వా అయితే 18. తెల్లదాంట్లో ద్రాక్ష వాసన సూటిగా తగుల్తుంది, ముఖ్యంగా పియెమోంతె ప్రాంతపు మొస్కాతో రకం ద్రాక్షతో చేసిందైతే మరీ. గొంతు మాత్రం మండుద్ది, ఆల్కహాల్ 37.5 శాతానికి తగ్గదు మరి! వెనెతో ప్రాంతంలో బస్సానో అనే ఊళ్ళో నార్దీని కంపెనీ వాళ్ళకి 1779 నుంచి గ్రాప్పా తీయడమే పని. తెల్లది చల్లగా, భోజనమయ్యాక, లేదా ఎస్ప్రెస్సోలో రెండు చుక్కలు. పాతదానికి డార్క్ చాక్లెట్, బాగా ముదిరిన చీజ్. నాకైతే పాతదే, చాక్లెట్ కోసమైనా.