కాశీలో గంగా హారతి: పడవలోంచి ఒకరోజు, మెట్ల మీంచి ఒకరోజు

డిసెంబరులో అమ్మను కాశీకి తీసుకెళ్లాను. తొమ్మిది నిద్రలు చేయాలని అమ్మ కోరిక, నాకు దొరికిన సెలవు నాలుగు రోజులే. సికింద్రాబాదులో దానాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, మొగల్‌సరాయ్‌లో దిగి (ఇప్పుడు దీనదయాళ్ ఉపాధ్యాయ జంక్షన్ అంటున్నారు) ఆటోలో ఊళ్లోకి వచ్చాం. చివరి సందులన్నీ నడకే. పెద్ద పెట్టెలు వద్దు, భుజానికి తగిలించుకునే సంచీలే మేలు.

మానససరోవర ఘాట్ దగ్గరి శ్రీ రామ తారక ఆంధ్రాశ్రమంలో బస. హోటల్ హంగులు ఆశించకండి. మాకు మాత్రం తెలుగులో పలకరించే మనుషులు, మజ్జిగతో ముగిసే భోజనం, నాలుగడుగుల్లో గంగ... అంతకన్నా ఏం కావాలి అనిపించింది. పక్కనే కేదార ఘాట్. అక్కణ్ణుంచి సాయంత్రం గంగా హారతి ఇచ్చే దశాశ్వమేధ ఘాట్‌కి ఒడ్డు వెంబడే నిదానంగా నడిచినా పావుగంట, ఇరవై నిమిషాలు.

మొదటి సాయంత్రం పడవ మాట్లాడుకున్నాం. అర్చకుల ముఖాలు కనిపిస్తాయని అందరూ పడవే మంచిదన్నారు. నిజమే, ఏడుగురు అర్చకులు నదివైపు తిరిగి హారతి ఎత్తితే ఆ వెలుగు నీళ్లమీదుగా మన ఒళ్లోకి వచ్చి పడుతుంది. కానీ మా ముందు పది వరసల పడవలు. అందరూ ఫోన్లెత్తి నిలబడ్డారు. అమ్మకు కనిపించింది ఎదుటివాళ్ల వీపులే. దిగేటప్పుడు పడవాయన ముందు ఒప్పుకున్న దానికన్నా ఎక్కువ అడిగాడు. తలకింతా, పడవంతటికీ ఇంతా అన్నది ఎక్కకముందే తేల్చుకోండి. వయసైనవాళ్లుంటే ఇంకో సంగతి: ఒక పడవలోంచి ఇంకో పడవలోకి అడుగేసి ఒడ్డెక్కాల్సి రావచ్చు. అమ్మ మోకాళ్లతో అది చాలా కష్టమైంది.

రెండో రోజు నాలుగున్నరకే వెళ్లి మెట్ల మీద, అర్చకుల వేదికలకు ఒక పక్కగా కూర్చున్నాం. టికెట్టు లేదు. రాయి చల్లగా ఉంటుంది, చిన్న దుప్పటి పట్టుకెళ్లండి. ఆరు దాటాక శంఖం ఊదారు. ముందు అగరుబత్తులు, తర్వాత సాంబ్రాణి ధూపం, ఆ పైన అంతస్తుల దీపాలు, పడగ విప్పిన పాము ఆకారంలోని కర్పూర హారతి, చివరికి వింజామర, నెమలి పింఛం. ప్రతి ఉపచారాన్నీ నాలుగు దిక్కులకూ తిరిగి అర్పిస్తారు. అర్చకుడు మావైపు తిరిగినప్పుడల్లా అమ్మ చేతులు జోడించింది. బరువైన ఇత్తడి హారతిని ఒంటిచేత్తో తిప్పుతుంటే వాళ్ల ముంజేతులు వణకడం కూడా కనిపించింది. ముప్పావుగంట ఎప్పుడు గడిచిందో తెలియలేదు. నన్నడిగితే మెట్లే. అయిపోయాక మాత్రం లేవడానికి తొందరపడకండి, గొదౌలియా కూడలి వైపు జనం ఒక్కసారిగా కదులుతారు. మేం అరగంట ఆగి, వచ్చినట్టే ఒడ్డు వెంబడి వెనక్కి నడిచాం.

వానాకాలంలో వెళ్లేవాళ్లకు ఒక మాట. గంగ మెట్లు మింగేసినప్పుడు హారతి పైకి జరుగుతుంది, ఒక్కోసారి మేడమీద ఇస్తారు. పడవలూ ఆపేస్తారు.

అస్సీ ఘాట్‌లో తెల్లవారుజామున జరిగే ‘సుబహ్-ఎ-బనారస్’ (బనారస్ ఉదయం) కార్యక్రమం గురించి మనవాళ్లు ఎందుకో తక్కువ చెప్పుకుంటారు. 2014లో మొదలైంది. చలికాలంలో అయిదింటికల్లా చేరాలి. సోనార్‌పురా రోడ్డు మీద ఈ-రిక్షా దొరికింది. జనం పల్చగా ఉన్నారు, అర్చకుడికి పది అడుగుల్లో కుర్చీ వేసి అమ్మను కూర్చోబెట్టారు. చీకట్లోనే హారతి, తర్వాత హోమం. అమ్మాయిలు స్వరం తప్పకుండా వేదమంత్రాలు చదువుతుంటే అమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. తన చిన్నప్పుడు ఆడపిల్లలకు అది నేర్పేవాళ్లు కాదట. ఆ వెంటనే సంగీత కచేరీ మొదలైంది. మంచు విడుతుంటే తెల్లటి వలస పక్షులు పడవల చుట్టూ గుంపులుగా లేచాయి.

అమ్మ ఆకు దొన్నెలో దీపం వెలిగించి నీళ్లలో వదిలింది. ప్లాస్టిక్ పూత ఉన్న కాగితపు దొన్నెలూ అమ్ముతున్నారు, అవి కొనకండి. దీపం మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడి, నావైపు తిరిగి అంది: ‘ఈసారి తొమ్మిది రోజులకీ ముందే సెలవు పెట్టు.’