డంగు సున్నం దారిలో హైదరాబాద్

పాత కట్టడాలను దేనితో, ఎలా కట్టారో తెలుసుకోవాలనుకునేవారు హైదరాబాద్‌లో ముందుగా ఇబ్రహీంబాగ్‌లోని కుతుబ్‌షాహీ సమాధులకే వెళ్ళాలని నా అభిప్రాయం. ఇక్కడివన్నీ చుట్టుపక్కల దొరికిన గ్రానైటుతో, డంగు సున్నంతో, అంటే ఇసుక కలిపి గానుగలో నూరిన సున్నంతో, లేచిన కట్టడాలు. బెల్లపు నీరు, కరక్కాయ కషాయం కలిపి సున్నానికి పట్టు పెంచడం మన మేస్త్రీల పాత పద్ధతి. 2013లో పునరుద్ధరణ చేపట్టిన ఆగాఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్, గుమ్మటాలపై మునుపు పూసిన సిమెంటును ఒలిపించి, మళ్ళీ సున్నపు గచ్చే (పూతే) వేయించింది. సిమెంటు పూత గోడలోని తేమను లోపలే నిలిపివేస్తుంది. సున్నం దానిని బయటికి వదులుతూ, గాలిలోని బొగ్గుపులుసు వాయువును నెమ్మదిగా పీల్చుకుని ఏళ్ళ తరబడి గట్టిపడుతుంది. గుమ్మటం అడుగున చుట్టూ తీర్చిన తామర రేకుల అంచులను ఉదయపు ఏటవాలు వెలుగులో చూస్తే, గచ్చులో ఎంత సున్నితమైన పని సాధ్యమో అర్థమవుతుంది. 2013 వానలకు కొంత కూలి, తిరిగి నిలబడిన బడీ బావోలి అనే మెట్లబావిని కూడా తప్పక చూడాలి. ప్రాంగణం విశాలమైనది కనుక మధ్యాహ్నపు ఎండలో తిరగడం కష్టం. ఒక పూట పూర్తిగా కేటాయించుకోవాలి.

పిసల్‌బండలో, నిజాముల కాలపు పైగా అనే ప్రభువంశం వారి సమాధులు చిన్నవే అయినా, సున్నపు జాలీ (చిల్లుల అల్లిక) పని విషయంలో నాకు వాటికి సాటివచ్చేవి కనిపించలేదు. దారి ఇరుకు గల్లీల గుండా పోతుంది కాబట్టి కారు కంటే ఆటో మేలు. శిల్పారామంలోని పల్లె ఇళ్ళ నమూనాలు పిల్లలకు నచ్చుతాయి.

పాత పద్ధతి మట్టి ఇళ్ళలో దిగాలనుకుంటే, బస విషయంలో చాలా జాగ్రత్త అవసరం. నగర శివార్లలో మట్టి ఇల్లని చెప్పి మాకు గది ఇచ్చిన ఒకచోట, స్విచ్‌బోర్డు పక్కన పెచ్చు ఊడిన మేర సిమెంటు ఇటుక స్పష్టంగా కనిపించింది; పైన పూసినది ఎర్రమన్ను రంగు మాత్రమే. రాత్రి పది దాటినా గోడ వేడి తగ్గలేదు, ఏసీ లేకుండా నిద్ర పట్టలేదు. మట్టి ఇంటి పేరు చెప్పి అదనపు అద్దె తీసుకోవడం నాకు బాధ కలిగించింది. తర్వాత శంకర్‌పల్లి వైపు దిగిన ఇంటి గోడలు మాత్రం నిజంగా మట్టిని పొరలు పొరలుగా దిమ్మిస కొట్టి లేపినవి. ఆ పొరల గీతలు గోడ మీద చేతికి తగులుతాయి. గదులు సాదాసీదాగా ఉన్నా, నడిమధ్యాహ్నం కూడా ఫ్యానుతో సరిపోయింది. జొన్నరొట్టె, పప్పు వేడిగా వడ్డించారు. వేడినీళ్ళకు మాత్రం ముందుగా చెప్పాలి.

ఇటువంటి బసలకు డబ్బు కట్టేముందు, ఇల్లు కడుతున్నప్పుడు తీసిన ఫొటోలు పంపమని యజమానిని అడగడం మంచిది. మట్టి గోడ తడవకూడదు కనుక, వానాకాలంలో వెళ్ళేవారు చూరు గోడను దాటి ఎంత ముందుకు వచ్చిందో, గోడ అడుగున రాతి పునాది నేలకు ఎంత ఎత్తున ఉందో కూడా కనుక్కోవాలి.