ప్యాడిల్ బోర్డు నేర్చుకోవడానికి ఏ నీళ్లు మేలు? ఋషికొండ సముద్రమా, భీమిలి మొగా, తాటిపూడి జలాశయమా?

బోర్డు మీద నిలబడి తెడ్డు వేయడం నేర్చుకోవాలని ముచ్చటపడే విశాఖవాళ్లలో చాలామంది ఒకేలా ఆలోచిస్తారు. సముద్రమంటే భయం కాబట్టి ముందు ఏటి నీళ్లలో దిగుదాం, కాస్త అలవాటయ్యాక కెరటాల జోలికి వెళ్దాం అంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది. ఆ ఏరు భీమిలిలో గోస్తనీ సముద్రంలో కలిసే మొగ అయితే మాత్రం నేను ఒప్పుకోను. మూడు చోట్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఈత వచ్చినవాళ్లకు చలికాలపు ఉదయం ఋషికొండే మేలు. ఈత సరిగా రానివాళ్లకు తాటిపూడి. మొగను చివరికి ఉంచుకోవాలి.

ముందు సముద్రం సంగతి. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా సాగుతుంది. సముద్రం ఆగ్నేయం వైపు ఉంటుంది. రాత్రంతా చల్లబడిన నేల మీంచి తెల్లవారుజామున గాలి మెల్లగా నీళ్ల వైపు వీస్తుంది. ఎండ ముదిరేకొద్దీ అది ఆగిపోయి, సముద్రం మీంచి ఒడ్డుకు గాలి మొదలవుతుంది. ఈ రెండు గాలుల మధ్య నీళ్లు నున్నగా పరుచుకునే సమయం ఒకటుంటుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, తుపాన్ల ఉధృతి తగ్గాక, సూర్యోదయం నుంచి ఎనిమిదీ ఎనిమిదిన్నర వరకు ఋషికొండ దగ్గర అలాంటి ఉదయాలు తరచుగా దొరుకుతాయి. మార్చి దాటితే కథ మారుతుంది. ఎక్కడో దక్షిణ సముద్రాల్లో లేచిన కెరటాలు వేల కిలోమీటర్లు ప్రయాణించి వస్తాయి. ఇక్కడ ఆకు కదలకపోయినా ఒడ్డున బలంగా విరుగుతాయి. జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి గాలి తీరం వెంబడి ఈడుస్తుంది. అక్టోబరు, నవంబరు వాయుగుండాల కాలం. అంటే కొత్తవాళ్లకు పనికొచ్చే సముద్రం ఏడాదిలో మూడు నెలలే, ఆ నెలల్లోనూ రోజుకు రెండు గంటలే. ఈ హద్దుకు ఒప్పుకునేవాళ్లకే నేను ఋషికొండ అంటున్నాను.

ఒడ్డు దాటడమే అక్కడ అసలు కష్టం. విశాఖ బీచ్‌లు చాలాచోట్ల ఒక్కసారిగా లోతుకు దిగుతాయి, కెరటం సరిగ్గా ఇసుక అంచునే విరుగుతుంది. అది దాటి ముప్పై నలభై మీటర్లు లోపలికి వెళితే చిన్నగా ఊగే నీళ్లే. కాబట్టి నేర్చుకోవాల్సింది మొదట ఆ అంచు దాటడం. బోర్డును మోకాలి లోతుదాకా పక్కన పట్టుకుని నడవాలి, దాని ముందు కొసను కెరటానికి ఎదురుగా పెట్టాలి, రెండు కెరటాల మధ్య ఖాళీలో బోర్డు మీద బోర్లా పడుకునో మోకాళ్ల మీదో దాటేయాలి. బోర్డు కెరటానికి అడ్డంగా తిరిగిందంటే నీళ్లు దాన్ని ఎత్తి విసురుతాయి. ఒక్క నియమం ఎప్పుడూ మరవకూడదు: కెరటానికీ మనకూ మధ్య బోర్డు ఉండకూడదు. తిరిగి వచ్చేటప్పుడు కూడా నడుము లోతులోనే దిగి, బోర్డును ఒడ్డు వైపు ఉంచి, మనం దానికి సముద్రం వైపున ఉంటూ బయటికి నడవాలి. చాలామందికి దెబ్బలు తగిలేది నీళ్లలో పడ్డప్పుడు కాదు, ఈ చివరి పది అడుగుల్లోనే.

రెండో ప్రమాదం కంటికి అందంగా కనిపిస్తుంది. అటూ ఇటూ తెల్లగా నురగ కక్కుతుంటే, మధ్యలో ఒక పాయ మాత్రం కెరటాలు లేకుండా, కాస్త ముదురు రంగులో, ప్రశాంతంగా ఉంటుంది. కొత్తవాళ్లు అక్కడే దిగాలనుకుంటారు. ఒడ్డుకు చేరిన నీళ్లన్నీ వెనక్కి వెళ్లే దారి అదే. ఏటా విశాఖ తీరంలో మునిగిపోయేవాళ్ల వార్తలు చదువుతూనే ఉన్నాం, అందులో ఈ లాగుడుకు చిక్కినవాళ్లు ఎందరో. బోర్డు మీద ఉండగా అందులో పడితే ఒడ్డుకు ఎదురు తెడ్డు వేయకూడదు. తీరానికి సమాంతరంగా పక్కకు జరిగి, కెరటాలు విరిగే చోటి నుంచి తిరిగి రావాలి. ఏం జరిగినా బోర్డును వదలకూడదు.

ఇన్ని చెప్పి కూడా ఋషికొండనే ఎందుకు ముందు పెడుతున్నానంటే, అక్కడ మనిషి కనిపిస్తాడు. 2020లో మన దేశంలో మొదటిసారి బ్లూ ఫ్లాగ్ (శుభ్రమైన, భద్రమైన బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చిన ఎనిమిది బీచ్‌లలో ఋషికొండ ఒకటి. ఆ గుర్తింపుకు ఈతకు హద్దులు, గజ ఈతగాళ్లు, ప్రథమ చికిత్స అవసరం. నీటి ఆటలు నేర్పేవాళ్లు దగ్గరే ఉంటారు. అపాయం మొదలైనప్పుడు చూసే కళ్లు ఉన్న చోటు, చూసేవాళ్లు లేని నిశ్చలమైన నీళ్లకంటే మంచిదని నా నమ్మకం.

ఇక భీమిలి. డచ్చివాళ్ల కాలం నాటి రేవు, పాత సమాధులు, లైట్‌హౌస్, ఒడ్డున వరుసగా పడవలు. బోర్డు మీద నిలబడి చూడటానికి ఇంతకంటే మంచి ఊరు మన తీరంలో అరుదు. మొగ లోపల అల ఉండదు. పోటు సమయంలో నీళ్లు నిండుగా, చెరువులా ఉంటాయి. అరగంట తెడ్డు వేస్తే ఎవరికైనా ధైర్యం వస్తుంది. అసలు చిక్కు పాటు, అంటే నీళ్లు వెనక్కి తీయడం, మొదలయ్యాకే. విశాఖ దగ్గర పోటుపాట్ల తేడా అమావాస్య, పౌర్ణమి రోజుల్లో కూడా సుమారు ఒకటిన్నర మీటరే. కానీ లోపల నిండిన నీళ్లన్నీ ఇరుకైన మొగ గుండానే బయటికి పోవాలి. నేల మీంచి వీచే ఉదయపు గాలి కూడా దానికి తోడైతే, నిలబడ్డ మనిషి ఒళ్లే తెరచాప అవుతుంది. లాగుతోందని తెలిసేసరికి ఎదురుగా ఏటి నీళ్లు, సముద్రపు కెరటాలు ఒకదాన్నొకటి కొట్టుకుంటూ ఉంటాయి. అక్కడ కెరటం ఎటు నుంచి వస్తుందో అనుభవం ఉన్నవాళ్లు కూడా ముందుగా చెప్పలేరు. వానాకాలంలో పైన కొండల్లో వర్షం పడితే ఏరు రంగు మారి, కొమ్మలూ చెత్తా కొట్టుకొస్తాయి. అప్పుడు మొగ ఎవరికీ తగదు.

పైగా అది జాలర్ల బతుకుదారి. లంగరు తాళ్లు, వలలు, పాతిన గుంజలు ఉంటాయి. బోర్డు జారిపోకుండా కాలికి కట్టుకున్న తాడు అలాంటి దేనికైనా చుట్టుకుంటే, ప్రవాహం బోర్డును ఒకవైపు, మనిషిని మరోవైపు లాగుతుంది. పాదం దాకా వంగి దాన్ని విప్పుకోవడం సాధ్యం కాదు. పారే నీళ్లలో నడుముకు కట్టుకుని, ఒక్క లాగుతో ఊడిపోయే తాడు వాడటం అందుకే. సముద్రంలో కాలి తాడు చాలు, ఏటిలో చాలదు. అద్దెకు బోర్డు ఇచ్చేవాళ్లను ఈ తేడా అడగండి. తెలియదన్న చోట మొగలోకి దిగకండి.

అక్కడి జాలర్లను పలకరించడం మాత్రం మానొద్దు. ఈ ఆట హవాయిలోని వైకీకీ ఒడ్డున సర్ఫింగ్ నేర్పేవాళ్లతో మొదలైందని, 2000 తర్వాత లెయర్డ్ హామిల్టన్ లాంటి సర్ఫర్లు దాన్ని ప్రపంచానికి పరిచయం చేశారని చెబుతారు, అది నిజమే. కానీ దుంగలు కట్టిన తెప్ప మీద తెడ్డు పట్టి కెరటాలు దాటడం మన ఉత్తరాంధ్ర తీరానికి ఎప్పటి నుంచో తెలిసిన పని. ఇప్పుడు దుంగల చోట ఫైబర్ వచ్చింది. గాలి ఎప్పుడు తిరుగుతుందో, మొగలో ఇసుక ఏ పక్క మేట వేసిందో వాళ్లను మించి చెప్పేవాళ్లు లేరు. "ఇప్పుడు వద్దు బాబూ" అంటే వెనక్కి తిరగడమే మంచిది. వల వేసి ఉన్న చోటుకు దూరంగా ఉండటం మన మర్యాద.

తాటిపూడి గురించి తక్కువే చెప్పాలి, ఎందుకంటే అక్కడ చిక్కులు తక్కువ. అదే గోస్తనీ మీద, విజయనగరం జిల్లాలో కట్టిన జలాశయం. విశాఖ తాగునీటికి ఆధారాల్లో ఒకటి. పోటు లేదు, పాటు లేదు, కెరటం లేదు. లైఫ్ జాకెట్ వేసుకుని, తోడుగా ఈత వచ్చిన మనిషిని పెట్టుకుంటే ఈత సరిగా రానివాళ్లు కూడా మొదటిసారి లేచి నిలబడటానికి సరైన చోటు. సొంత బోర్డు దింపాలంటే ముందు అనుమతి అడగాలి. గాలి కొండల మధ్య నుంచి ఉన్నట్టుండి తోసుకొస్తుంది కాబట్టి, వెళ్లేటప్పుడు గాలికి ఎదురుగా వెళ్లి, అలిసిపోయాక గాలి వాటున తిరిగి రావాలి. మంచినీళ్లలో బోర్డు ఉప్పునీళ్లలోకంటే కాస్త ఎక్కువ మునుగుతుంది, అది పట్టించుకోవాల్సినంత కాదు. అక్కడ ఎంత నేర్చినా ఊగే నీళ్ల మీద నిలబడటం మాత్రం రాదు. నున్నని నీళ్ల మీద గంటలకొద్దీ తిరిగినవాళ్లు సముద్రంలో మొదటి నిమిషంలోనే పడిపోతారు. మోకాళ్లు బిగబట్టి, కాళ్ల వంక చూస్తూ నిలబడే అలవాటు అక్కడే పడుతుంది. మోకాళ్లు వదులుగా, చూపు దూరంగా, పాదాలు బోర్డు మధ్యనున్న చేతిపిడికి రెండు వైపులా ఉండాలి. సముద్రం ఈ మూడింటినీ ఒక్క ఉదయంలో నేర్పుతుంది.

బోర్డు విషయంలో ఎక్కువ చర్చ అక్కర్లేదు. గాలి నింపే బోర్డు మడిచి కారులో పెట్టుకోవచ్చు, తగిలినా దెబ్బ తక్కువ. సుమారు పదిన్నర అడుగుల పొడవు, 32 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల మందం ఉన్నది మొదట చాలు. గాలి 12 నుంచి 15 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) వరకు, దాని మీద రాసినంత నింపాలి. తక్కువైతే మధ్యలో వంగి, నిలబడటం రెట్టింపు కష్టమవుతుంది. మన ఎండలో ఒడ్డున వదిలేస్తే లోపలి గాలి వ్యాకోచించి అతుకులు విడిపోవచ్చు, కాబట్టి బయటికి రాగానే కొంత గాలి తీసి నీడన పెట్టాలి. గట్టి బోర్డు కెరటం మీద మాట వింటుంది, గాలికి తక్కువ కొట్టుకుపోతుంది. అది రెండో ఏడాది మాట. తెడ్డు మనిషికంటే 20 నుంచి 25 సెంటీమీటర్లు పొడవుండాలి. దాని రెక్క వంపు ముందుకు తిరిగి ఉండాలి. వెనక్కి పట్టుకుని కష్టపడేవాళ్లు ప్రతి బీచ్‌లోనూ కనిపిస్తారు.

బయలుదేరే ముందు రోజు సాయంత్రం హైదరాబాదులోని ఇన్‌కాయిస్ (భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం) విడుదల చేసే సముద్ర స్థితి సమాచారం చూడండి. ఎత్తైన కెరటాల హెచ్చరిక, దూరపు ఉప్పెన కెరటాల హెచ్చరిక రెండూ అందులో ఉంటాయి. ఏ ఒక్కటి ఉన్నా ఋషికొండ మానేసి తాటిపూడి వెళ్లండి. ఒడ్డుకు చేరాక జెండా ఎటు ఎగురుతోందో చూడండి. అది సముద్రం వైపు గట్టిగా రెపరెపలాడుతుంటే, నీళ్లు ఎంత నున్నగా ఉన్నా ఆ రోజు దిగొద్దు. జనవరి నుంచి మార్చి వరకు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఈ తీరానికి వస్తాయి. ఊపిరి కోసం నీటి పైకి తేలిన తల కనిపిస్తే తెడ్డు ఆపి, దాన్ని దాటిపోనివ్వండి.