ఎనిమిదేళ్లుగా పాడుతున్న ఇంటి వైరింగ్ తీగ

స్పీకర్లు కొన్న రోజున వాటికి తగ్గ కేబుల్ కూడా తీసుకోమని అందరూ చెప్పారు. జేబు తడుముకుని, హార్డ్‌వేర్ దుకాణంలో ఇళ్ల వైరింగ్‌కు అమ్మే మామూలు తీగ తెచ్చాను. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి, సన్నని పోగులది, ఎరుపు ఒక చుట్ట, నలుపు ఒక చుట్ట. మంచిది తర్వాత కొందామనుకున్నాను. ఎనిమిదేళ్లయింది, ఆ తర్వాత ఇంకా రాలేదు.

రెండింటి కొసలనూ డ్రిల్లింగ్ మిషన్‌కు బిగించి తాడులా పేనాను. చూడటానికి ముచ్చటగానే ఉంది, బీరువా వెనక చూసేవాళ్లెవరూ లేకపోయినా.

ఒక్కో స్పీకర్‌కు ఆరు మీటర్ల దూరం, అంటే రానూ పోనూ 12 మీటర్ల తీగ. ఈ మందం రాగికి మీటరుకు దాదాపు 0.012 ఓంల నిరోధం ఉంటుంది కాబట్టి మొత్తం 0.15 ఓం. 8 ఓంల స్పీకర్ ముందు అది రెండు శాతం కూడా కాదు, ధ్వనిలో తగ్గేది 0.2 డెసిబెల్ లోపే. మల్టీమీటర్‌తో సరిచూడబోతే దాని ప్రోబుల నిరోధమే ఇంతకన్నా ఎక్కువ తేలింది! దూరం ఇంకో రెండింతలుంటే మాత్రం 2.5 తీగ కొనేవాణ్ని.

ఒకసారి మిత్రుడొకడు తన ఖరీదైన కేబుల్ తెచ్చాడు. అతణ్ని గోడవైపు తిప్పి కూర్చోబెట్టి నేను తీగలు మార్చాను. మూడోసారి మార్చినట్టు చప్పుడు చేసి ఊరుకున్నాను. "ఇప్పుడు విను, గొంతు ఎంత తేటపడిందో" అన్నాడు. నేనేమీ అనలేదు, కాఫీ తేవడానికి లేచాను.

నన్ను ఏడిపించింది తీగ కాదు, కొసలు. మొదటి వారం పాటల్లో బేస్ సన్నగిల్లింది, గాయకుడి గొంతు గదిలో ఎక్కడుందో తెలియలేదు. రెండు రోజులు స్పీకర్లను అటూ ఇటూ జరిపాక చూస్తే, ఎడమ స్పీకర్‌కు ఎరుపూ నలుపూ తారుమారు చేశాను. ఒక స్పీకర్‌లో కదిలే పొర బయటికి వస్తుంటే రెండో స్పీకర్‌లోది లోపలికి పోతోందన్నమాట. ఇంకోసారి తొడుగు ఒలిచేటప్పుడు తప్పించుకున్న వెంట్రుకవాసి పోగు పక్క టెర్మినల్‌ను తాకింది. యాంప్లిఫయర్ టక్కుమని ఆగిపోయింది, అదృష్టం బాగుండి పాడవలేదు. అప్పటి నుంచి కొసలు గట్టిగా మెలిపెట్టి బనానా ప్లగ్గుల్లో (టెర్మినల్ రంధ్రంలోకి నేరుగా దూరే లోహపు కొసల్లో) బిగిస్తున్నాను.

రెండో గదికి మరో చోట ఇంకా చవగ్గా దొరికిందని కొని మోసపోయాను. చుట్ట చేతిలోకి తీసుకున్నప్పుడే తేలిగ్గా అనిపించింది. ఇంటికొచ్చి ఒక పోగును బ్లేడుతో గీకితే లోపల తెల్లగా ఉంది: రాగి పూత పూసిన అల్యూమినియం. దాని నిరోధం రాగికి ఒకటిన్నర రెట్లు దాటుతుంది, నాలుగుసార్లు వంచితే పోగులు పుటుక్కుమంటాయి. చవక తీగ కొనండి, కానీ గీకి చూసి కొనండి. పోగులు లేని ఒంటి కడ్డీలాంటి తీగ వద్దు, కదిలించే కొద్దీ విరుగుతుంది. గోడ లోపల వేసేట్టయితే అందుకు అనుమతించిన రకమే వాడాలి. అన్నట్టు, ఇది కరెంటు తీగలాగే కనిపిస్తుంది కాబట్టి రెండు కొసలకూ "స్పీకర్" అని చీటీ అంటించాను. ఇల్లు సర్దేవాళ్లెవరైనా దానికి ప్లగ్గు బిగించి గోడకు పెడితే కథ ముగిసినట్టే.

పోయిన నెల దుమ్ము దులుపుతూ ప్లగ్గులు విప్పాను. కొసల్లో రాగి నల్లబడి, ఒకచోట పచ్చటి చిలుము పట్టింది. అంగుళం మేర కత్తిరించి, కొత్త రాగి బయటికి తీసి మళ్లీ బిగించాను.