మిర్చి వేసిన చాక్లెట్ స్టౌట్‌లు: గుంటూరు నోటికి ఏది ఆనిందంటే

ముందే చెప్పేస్తున్నా, తాగినవాటిల్లో నా ఓటు స్టోన్ అనే అమెరికా బ్రూవరీ (బీరు కాచే కంపెనీ) వాళ్ళ షోకోవేజాకే. కారం ఎక్కువుందని కాదు, అసలు కారం కోసం గుంటూరోళ్ళు అమెరికా బీరు దాకా వెళ్ళాల్సిన పనేముంది, మిర్చి వాసన, దాని రుచి నాలుక మీద తెలిసేలా చేశారు చూడండి, అందుకు.

వీటి గురించి తెలియనోళ్ళకి కొంచెం చెప్తా. స్టౌట్ అంటే నల్లటి, చిక్కటి బీరు. వీటిల్లో ఎక్కువ ఇంపీరియల్ స్టౌట్ జాతి బీర్లు, 18వ శతాబ్దంలో లండన్‌లో కాచి రష్యా రాజదర్బారుకి పంపించేవాళ్ళు, అక్కణ్ణుంచి ఆ పేరు. వీటికి ఆ నల్లరంగు చాక్లెట్ వల్ల రాదు, బార్లీని బాగా మాడేదాకా వేయించడం వల్ల వచ్చిద్ది, కోకో గింజ ఒక్కటి కూడా వెయ్యకపోయినా కాఫీ, డార్క్ చాక్లెట్ వాసన అందులోనే ఉంటది. ఆ పైన ఇప్పటి అమెరికా బ్రూవరీలు కోకో పలుకులు, దాల్చినచెక్క, వెనిల్లా, మెక్సికో ఎండుమిర్చి వేసి నానబెడుతున్నారు. ఆల్కహాల్ 8 నుంచి 12 శాతం దాకా ఉంటది, కొన్నిట్లో ఇంకా ఎక్కువ. మన దేశంలో స్ట్రాంగ్ బీరంటేనే 8 శాతం దాటకూడదు, కాబట్టి 10 శాతం స్టౌట్ ఇక్కడ కాచి బీరని అమ్మడం కుదరదు. మా అక్కా బావా డల్లాస్ నుంచి బ్రాడీపేటలో మా ఇంటికొస్తూ తెచ్చారు, విమానంలో వచ్చే పెద్దాళ్ళకి మనిషికి 2 లీటర్లు డ్యూటీ లేకుండా వదుల్తారు.

ఒక్క మాట, దయచేసి వీటిని మన ఎండాకాలం బీరులాగా ఐసుగడ్డ చేసి తాగొద్దు. మరీ చల్లగా ఉంటే నాలుక మొద్దుబారి చేదు తప్ప ఏమీ తెలీదు, చాక్లెట్ లేదు మిర్చి లేదు. ఫ్రిజ్‌లోంచి తీసి ఓ పావుగంట, ఇరవై నిమిషాలు బయట పెట్టండి, 12, 14 డిగ్రీల దగ్గర వాసన విచ్చుకుంటది. గుంటూరు మే నెలలో అయితే పది నిమిషాలు చాలు. పెద్ద మగ్గు వద్దు, చిన్న వైన్ గ్లాసులో సగం పోసుకుని తిప్పి వాసన చూసి అప్పుడు తాగాలి.

ఇక షోకోవేజా. 8.1 శాతం, కోకో, కాఫీ, పసియా మిర్చి, వెనిల్లా, దాల్చినచెక్క, జాజికాయ. గ్లాసులో పోస్తే ముదురు గోధుమ రంగు నురగ లేచి తొందరగానే అణిగిపోద్ది. మా మావయ్య మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం, టిక్కీలోంచి, అంటే మిర్చి బస్తాలోంచి, గుప్పెడు కాయ తీసి తొడిమ విరిచి వాసన చూసి రకం చెప్పే మనిషి, బీరు పెద్దగా తాగడు కూడా. గ్లాసు ఇస్తే చాలాసేపు ముక్కు దగ్గరే పెట్టుకున్నాడు, "ఇది మన కాయ కాదురా, తేజా కాదు సన్నం కాదు, కానీ తాలు కాయ వెయ్యలేదు, బాగా ఎండిన కాయ" అన్నాడు. కరెక్టే, పసియా అంటే మెక్సికోలో చిలాకా అనే కాయని నల్లగా ముడతలు పడేదాకా ఎండబెట్టింది, కారం చాలా తక్కువ, ఎండుద్రాక్ష వాసనేసిద్ది. మొదటి గుక్కలో చాక్లెట్, మధ్యలో దాల్చినచెక్క, మింగాక గొంతులో కొద్దిగా వెచ్చదనం, అంతే. ఏదీ ఇంకోదాన్ని తొక్కెయ్యలేదు. జాజికాయ మాత్రం చివర్లో ఒక్కసారి కనపడి పోద్ది, అది నాకు భలే నచ్చింది.

వెస్ట్‌బ్రూక్ అనే ఇంకో అమెరికా బ్రూవరీ వాళ్ళ మెక్సికన్ కేక్ బీరుది ఇంకో దారి. 10.5 శాతం, ఇందులో వేసేది హబనేరో, మన సన్నం కంటే ఎన్నోరెట్లు కారం ఉన్న కాయ. మొదట కేకులాగే తియ్యగా వెనిల్లా వచ్చి ఊరుకుంటది, మింగిన తర్వాత కారం మెల్లిగా ఎక్కిద్ది. నీళ్ళలో కరగని మిర్చి కారం ఆల్కహాల్‌లో బాగా కరిగిద్ది, అందుకే బలమైన బీరులో అంతలా దిగిద్ది, గ్యాసు కూడా తోడై చురుకు ఇంకా పెంచిద్ది. మా బావ సగం గ్లాసు దగ్గర ఆపేశాడు, నాకూ మావయ్యకీ మాత్రం హాయిగా ఉంది. కారం కోరుకునేవాళ్ళు ఇది తెప్పించుకోండి, ఒక గ్లాసు దాటితే మాత్రం తీపి మొహం మొత్తిద్ది.

యంగ్స్ డబుల్ చాక్లెట్ స్టౌట్ ఇంగ్లాండ్‌ది, 5.2 శాతమే, మసాలా ఏమీ ఉండదు. పై రెండిటంత స్ట్రాంగ్ కాదు కానీ స్టౌట్ జాతి బీరు ఎప్పుడూ తాగనోళ్ళు దీంతో మొదలుపెడితే మంచిది, మెత్తగా దిగిపోద్ది.

ఇంకొకటుంది, పేరు రాయను, చిన్న బ్రూవరీది. డబ్బా తియ్యగానే దాల్చినచెక్క వాసన గుప్పుమంది, ఎసెన్స్ వాసన అది, చెక్క నానబెట్టిన వాసన కాదు. చాక్లెట్ ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది, కారం నాలుక కొసని కాల్చి పోయింది, దానికి రుచంటూ లేదు. కారం వెయ్యడం ఎవరైనా వేస్తారు, కాయ రుచి దించాలంటేనే పనితనం కావాలి. మనూళ్ళో పచ్చళ్ళు పట్టేవాళ్ళని అడిగినా ఇదే చెప్తారు.

పక్కన తినడానికి మిర్చి బజ్జీ పెట్టుకోవద్దు, కారం మీద కారం పడి బీరు రుచే పోద్ది. వేయించిన జీడిపప్పు ఉప్పు చల్లి పెట్టుకోండి, లేదా మిరియాలు వేసిన మటన్ వేపుడు, మాడిన అంచులున్న ముక్కలు స్టౌట్‌తో అద్భుతంగా కలుస్తాయి. బందరు నల్ల హల్వా చిన్న ముక్క షోకోవేజాతో తిని చూశాం, ఆ బెల్లం, నెయ్యి వాసన దీనికోసమే పుట్టిందా అనిపించింది, మెక్సికన్ కేక్‌తో మాత్రం తీపి మరీ ఎక్కువైపోయింది.

మనకి దగ్గర్లోనే, ఏలూరు, పశ్చిమగోదావరి కొబ్బరి తోటల్లో కోకో పండుతోంది, మిర్చి యార్డు ఊళ్ళోనే ఉంది. బ్యాడిగిలాగా రంగు, వాసన ఎక్కువ కారం తక్కువ ఉన్న కాయతో, మన కోకోతో, 8 శాతంలోపే ఎవరైనా ఒక స్టౌట్ కాస్తే నేను మొదటి గ్లాసుకి లైన్‌లో ఉంటా. హైదరాబాద్, బెంగుళూరు మైక్రోబ్రూవరీల వాళ్ళు ఎవరైనా చదువుతుంటే ఆలోచించండి, ప్లీజ్.

ఇంకో సంగతి, 355 మిల్లీ డబ్బా చిన్నగా కనపడుతుంది గానీ 8.1 శాతం దాంట్లో ఉండే ఆల్కహాల్ 650 మిల్లీ 5 శాతం బీరు సీసాకి దాదాపు దగ్గర, 10.5 శాతం దయితే దాన్ని దాటిపోద్ది. ఒక డబ్బా ఇద్దరు పంచుకోండి, ఆ రాత్రి బండి తియ్యొద్దు. తెచ్చేవాళ్ళకి సీసాలకంటే డబ్బాలే తెమ్మని చెప్పండి, పగలవు, బట్టల మధ్యలో చుట్టి చెక్-ఇన్ పెట్టెలో పెట్టుకోమనండి.